కీలు లోపలి దివిటీ

"మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది" అనే మాట వినని తెలుగువాడు ఉండడు. వైద్యులు చెప్పిన మాటను జనం తమ వాడుకలోకి తెచ్చుకున్నారో, జనం మాటనే వైద్యులు స్వీకరించినారో చెప్పలేము గాని, ఏబది దాటినవాళ్ళు ఇద్దరు కలుసుకుంటే పిల్లల పెండ్లిండ్ల తరువాత వచ్చే ప్రసంగం ఇదే.

మా మేనత్త ఒకామె కార్తికమాసమంతా శివాలయంలో రోజుకు నూటయెనిమిది ప్రదక్షిణలు చేసేది. మోకాలు మడిచినప్పుడల్లా ఎండుటాకు నలిగినట్లు చప్పుడయ్యేది. దానిని ఆమె జబ్బుగా ఎన్నడూ ఎంచలేదు. నూనె లేని బండి ఇరుసు అని నవ్వేది. అరవై దాటిన తరువాత ఒకనాడు గుడిమెట్టు దిగలేక అక్కడే కూర్చుండిపోయినది. ఎక్స్‌రే తీసినారు. రెండు ఎముకల నడుమ నల్లని సందు కనిపించవలసిన చోట ఎముక మీద ఎముక కూర్చుని ఉన్నది. కీలు మార్చడం తప్ప వేరే ఉపాయం లేదని వైద్యుడు చెప్పినాడు. అప్పుడామె అడిగినది ఒక్కటే ప్రశ్న: "ఇది నిన్న మొన్న అరిగింది కాదు గదా నాయనా! ఇన్నేళ్ళూ ఎవరికీ ఎందుకు కనపడలేదు?"

వైద్యుడు చిరునవ్వు నవ్వి ఊరుకున్నాడు. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. దానికి సమాధానం వెదుకుతూ పోగా అది వైద్యశాస్త్రంలో నుండి కాంతిశాస్త్రంలోకి దారి తీసినది.

ముందుగా ఆ "గుజ్జు" సంగతి. మామిడిపండులో ఉన్నటువంటి గుజ్జు మోకాటిలో లేదు. ఎముకల కొనలను అంటిపెట్టుకొని, ముత్యపు చిప్ప లోపలివైపు వలె తెల్లగా, నున్నగా మెరిసే ఒక పొర ఉన్నది. దానిని మన పాఠ్యపుస్తకాలు మృదులాస్థి అంటున్నవి. సుశ్రుతుడు ఎముకలను ఐదు జాతులుగా విభజించినప్పుడు వానిలో ఒకదానికి తరుణాస్థి అని పేరు పెట్టినాడు. లేత ఎముక అని అర్థం. ఆ పేరే నాకు ఎక్కువ ఇష్టం గాని, పాఠకులకు అలవాటైన మృదులాస్థినే వాడుతాను. మోకాటిలో దీని మందం సాధారణంగా రెండు మొదలు నాలుగు మిల్లీమీటర్లు. అంత పలుచని పొర, మనం మెట్లెక్కునప్పుడు శరీరపు బరువుకు సుమారు మూడింతల బరువును మోస్తున్నది.

ఇది ఎట్లు సాధ్యమయినదో తెలిస్తేనే అది ఎట్లు చెడుతుందో తెలుస్తుంది. మృదులాస్థిలో నూటికి 65 మొదలు 80 పాళ్ళు నీరు. మిగిలినదానిలో ముఖ్యమైనవి రెండు. కొలాజెన్ అనే మాంసకృత్తు సన్నని పోగులుగా అల్లుకొని వల వలె ఉంటుంది. ఆ వల కన్నులలో ప్రోటియోగ్లైకాన్లు అనే పెద్ద అణువులు ఇరుక్కొని, నీటిని తమవైపు లాగుకుంటూ ఉంటవి. మూతి బిగించి కట్టిన గోనెసంచిలో శనగలు నానబోస్తే ఏమవుతుంది? గింజలు ఉబ్బాలని చూస్తవి, సంచి ఉబ్బనివ్వదు. ఆ బిగువులోనే సంచి గట్టిపడి, మనిషి ఎక్కి నిలుచున్నా అణగదు. మృదులాస్థి బలం అటువంటిది. పైపొరలో పోగులు కీలు ఉపరితలానికి సమాంతరంగా పరుచుకొని ఉంటవి. లోతుకు పోయినకొలదీ వంపు తిరిగి, అడుగున ఎముకలోకి నిట్టనిలువుగా నాటుకుంటవి. గుడి మండపంలో కమానుల వరుస వంటి ఈ అమరికను 1925లో బెన్నింగ్‌హాఫ్ అనే జర్మను శరీరశాస్త్రవేత్త వర్ణించినాడు.

సంచి నేతలో నాలుగు పోగులు తెగినవనుకోండి. గింజలు అక్కడ మరికొంచెం ఉబ్బుతవి. సంచి మెత్తబడుతుంది. పైకి చూస్తే చిరుగు ఏమీ లేదు. మృదులాస్థి జబ్బు సరిగా ఇట్లే ఆరంభమవుతుంది. పైన నునుపు నునుపుగానే ఉంటుంది, లోపల వల సడలిపోతుంది.

ఇక రెండవ సంగతి, మరింత విచారకరమైనది. ఈ పొరలో నరాలు లేవు. రక్తనాళాలు లేవు. నరాలు లేనందున గాయమైనా నొప్పి అని మొరపెట్టుకోదు. రక్తం లేనందున గాయాన్ని మాన్పుకొనే సామగ్రి దానికి అందదు. దానిలోని జీవకణాలు మొత్తం పరిమాణంలో నూటికి ఐదు పాళ్ళను మించవు. అవి ఒకదానికొకటి దూరదూరంగా, ఒంటరి కాపురం చేస్తూ, కీలులోని ద్రవం నుండి ఊరి వచ్చిన ఆహారంతో కాలక్షేపం చేస్తుంటవి. లండనులో విలియం హంటర్ 1743లోనే రాయల్ సొసైటీ పత్రికలో, పాడైన మృదులాస్థి ఎల్లకాలమూ వైద్యులకు చిక్కు తెచ్చిపెట్టినదనీ, ఒకసారి నశించినది తిరిగి రాదనీ వ్రాసినాడు. దాదాపు మూడు శతాబ్దాల తరువాత కూడా ఆ తీర్పు పెద్దగా మారలేదు.

ఆ తీర్పుకు చిత్రమైన చోటు నుండి మరొక సాక్ష్యం వచ్చినది. 1955 నుండి 1963 వరకు అగ్రరాజ్యాలు ఆకాశంలో అణుబాంబులను పరీక్షించినప్పుడు గాలిలో కార్బన్-14 పాలు విపరీతంగా పెరిగినది. అది చెట్లలోకి, ధాన్యంలోకి, మనుషుల శరీరాలలోకి చేరినది. శరీరంలో ఒక పదార్థం ఏ యేటిదో ఆ గుర్తును బట్టి లెక్క కట్టవచ్చును. డెన్మార్కు పరిశోధకులు మోకాటి మృదులాస్థిలోని కొలాజెనును ఇట్లు పరీక్షించి 2016లో ఫలితం ప్రకటించినారు. ఎదుగుదల ముగిసిన తరువాత మనిషి మోకాటిలో కొత్త కొలాజెను దాదాపు చేరడమే లేదు. ఇరవయ్యవ యేట ఉన్న వలే ఎనుబదవ యేటి వరకు రావాలి. బాంబులు వేసినవారు ఈ ఉపకారం తలచుకొని వేయలేదు, అది వేరే మాట.

నొప్పి చెప్పనిదీ, మానలేనిదీ అయినప్పుడు దానిని తొలిదశలోనే చూడగలగడం ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. కాని ఎట్లు చూడడం? ఎక్స్‌రేకు మృదులాస్థి కనిపించదు. ఎముకల నడుమ సందు తగ్గినదని మాత్రమే అది చెబుతుంది. అనగా ఇల్లు కూలిన తరువాత గోడ లేదని చెప్పడం వంటిది. ఎం.ఆర్.ఐ. అంతకంటె మేలు. అయినా తొలి సడలింపును మామూలు ఎం.ఆర్.ఐ. తరచు పట్టలేదు. కడకు శస్త్రవైద్యుడు కీలులోకి దీపం పట్టుకొని పోయి స్వయంగా చూడవలసి వచ్చినది.

ఆ దీపం కథ వినదగినది. 1912లో నార్డెన్‌టాఫ్ట్ అనే డెన్మార్కు వైద్యుడు బెర్లినులో జరిగిన శస్త్రవైద్యుల సభలో మోకాటిని లోపలి నుండి చూచే గొట్టాన్ని గూర్చి చెప్పినాడు. అది అంతటితో మరుగున పడినది. 1918లో టోకియోలో కెంజి తకాగి అనే ఆచార్యుడు మూత్రాశయాన్ని చూచే గొట్టాన్ని తీసుకొని ఒక శవం మోకాటిలోకి పెట్టి చూచినాడు. ఆయనకు ఆ ఆతురత ఎందుకు కలిగినదంటే, ఆ రోజులలో జపానులో మోకాటి క్షయ ఎక్కువ. జబ్బు ముదిరితే మోకాలు బిగుసుకొని కర్రవలె అయిపోయేది. మన వలెనే నేలమీద కూర్చుండే జాతికి, మోకాళ్ళు మడిచి కూర్చుండడమే మర్యాద అయిన జాతికి, బిగుసుకున్న మోకాలు అంటే సంఘం నుండి వెలి అయినంత పని. కుర్చీల దేశాలలో ఈ పని మొదలై ఆగిపోవడానికీ, చాపల దేశంలో నిలదొక్కుకోవడానికీ ఇది ఒక కారణమేమో అని నాకు అనిపిస్తుంది. 1931 నాటికి తకాగి మూడున్నర మిల్లీమీటర్ల గొట్టాన్ని తయారుచేసినాడు.

యుద్ధం వచ్చినది. టోకియో కాలినది. తకాగి శిష్యుడు మసాకి వతనబె యుద్ధానంతరం ఆ పనిని మళ్ళీ ఎత్తుకున్నాడు. ఒకదాని తరువాత ఒకటిగా నమూనాలు చేయించినాడు. ప్రతిదానికి ఒక అంకె. 1950ల చివర వచ్చిన ఇరవైయొకటవ నమూనా లోకానికంతటికీ ఒరవడి అయినది. దాని కొనకు చిన్న విద్యుద్దీపం ఉండేది. అది కీలులోనే పగిలిపోతుందేమోనని వైద్యుడు ఊపిరి బిగబట్టుకొని పనిచేయవలసి వచ్చేది. 1962లో వతనబె ఆ గొట్టంతో చూస్తూనే మోకాటిలో తెగిన అర్ధచంద్రాకారపు మెత్తను కొంత కోసి తీసినాడు. 1964లో టోకియో ఒలింపిక్ క్రీడల సమయంలో కెనడా నుండి వచ్చిన రాబర్ట్ జాక్సన్ అనే వైద్యుడు ఆయన వద్ద ఈ విద్య నేర్చుకొని టోరంటోకు తీసుకొనిపోయినాడు. అక్కడి నుండి అది లోకమంతా పాకినది. ఈనాడు కీలుదర్శినిలో దీపం వెలుపలనే ఉంటుంది. గాజు పోగుల గుండా వెలుగు మాత్రం లోపలికి పోతుంది. లోపలి దృశ్యం తెర మీద అరచేయంత వెడల్పుగా కనిపిస్తుంది.

అంత వెలుగు పడినా చిక్కు తీరలేదు. ఎందుకంటే ఆ వెలుగులో కనిపించేది తెలుపు మీద తెలుపు. ఆరోగ్యంగా ఉన్న భాగమూ తెలుపే, చెడనారంభించిన భాగమూ తెలుపే. రక్తం లేని చోట ఎరుపెక్కడం ఉండదు, వాపు కళ్ళకు ఆనదు. వైద్యుడు ఒక సన్నని ఉక్కు కొక్కెంతో నొక్కి చూస్తాడు. మెత్తగా దిగబడితే చెడినదని అనుకుంటాడు. చేతి అనుభవమే తరాజు. 1961లో అవుటర్‌బ్రిడ్జ్ అనే కెనడా వైద్యుడు మోకాటి చిప్ప అడుగు భాగపు చెడును నాలుగు మెట్లుగా విభజించినాడు. మెత్తబడి ఉబ్బడం మొదటిది. అర అంగుళం లోపు వెడల్పున చీలికలు పడడం రెండవది. అర అంగుళం దాటితే మూడవది. ఎముక బయటపడితే నాలుగవది. ఆరు దశాబ్దాలు దాటినా ఈ కొలత ఇంకా వాడుకలో ఉన్నది. నాలుగవ మెట్టును గుర్తించడానికి వైద్యుడే అక్కరలేదు. మొదటి మెట్టు దగ్గర మాత్రం చేయి తిరిగిన వైద్యులలోనే అభిప్రాయభేదం వస్తుంది. ఒకరు బాగున్నదన్నదానిని మరొకరు మెత్తబడినదంటారు. పైగా ఒకే వైద్యుడు అదే చిత్రాన్ని కొన్నాళ్ళకు మళ్ళీ చూస్తే మాట మార్చవచ్చును. నేనెరిగిన ఒక శస్త్రవైద్యుడు దీనిని దాచుకోకుండా ఒప్పుకున్నాడు. కూరగాయల అంగడిలో వంకాయ నొక్కి చూచినట్లే నొక్కి చూస్తామని ఆయన నవ్వుతూ అన్నమాట నాకు మరపురాదు.

కన్ను ఉపరితలాన్ని మాత్రమే చూస్తుంది. జబ్బు ఉపరితలం కింద ఉన్నది. కాబట్టి కింది వరకు దిగి, అక్కడి కబురు తీసుకొని తిరిగి రాగల వెలుగు కావాలి.

అటువంటి వెలుగు 1991లో దొరికినది. అమెరికాలో మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థకు చెందిన డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫుజిమోటో, వారి సహచరులు ఆ యేట ఒక కొత్త పద్ధతిని ప్రకటించినారు. దాని పేరు ఆప్టికల్ కొహీరెన్స్ టోమోగ్రఫీ. ఇంత పొడవు పేరు ఎందుకని దానిని ఓ.సి.టి. అంటున్నారు. కంటి వైద్యశాలకు పోయి, గడ్డం ఒక పీట మీద ఆనించి, ఒక చిన్న వెలుగు చుక్కను చూస్తూ రెండు నిమిషాలు కదలకుండా కూర్చున్న పాఠకులు చాలామంది ఉంటారు. అది ఈ పరీక్షే. కంటి వెనుకనున్న పొరను అడ్డంగా కోసినట్లు చూపే చిత్రం, కత్తి తగలకుండా వచ్చినది.

దాని కీలకం ఇది. బావిలో రాయి వేసి చప్పుడు వినబడేవరకు లెక్కపెడితే బావి లోతు తెలుస్తుంది. కండరాలలోకి శబ్దతరంగాలను పంపి ప్రతిధ్వని వచ్చే కాలాన్ని లెక్కించే అల్ట్రాసౌండు కూడా అంతే. అదే పని వెలుగుతో చేస్తే చిత్రం ఎన్నో రెట్లు సున్నితంగా వస్తుంది. కాని వెలుగు సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పరుగెత్తుతుంది. మిల్లీమీటరులో నూరవ వంతు దూరం పోవడానికి దానికి పట్టే కాలం, సెకనును ముప్పై లక్షల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. ఏ గడియారం దానిని కొలుస్తుంది? గడియారం అక్కరలేని ఉపాయాన్ని పందొమ్మిదవ శతాబ్దంలోనే మైకెల్సన్ చూపి ఉన్నాడు. ఒక వెలుగును రెండుగా చీల్చి, ఒకదానిని వస్తువు మీదికి, మరొకదానిని అద్దం మీదికి పంపాలి. తిరిగి వచ్చిన రెండూ కలుసుకున్నప్పుడు వాని అలలు ఒకదానితో ఒకటి కలిసి చారలు కట్టవచ్చును. మామూలు లేసరు అయితే దూరాలు ఎంత వేరయినా చారలు కడుతుంది. అట్లు కాక, కలగాపులగపు పరారుణ కాంతిని వాడితే, రెండు దారుల పొడవు సరిగ్గా సరిపోయినప్పుడు మాత్రమే చారలు కడుతవి. కాబట్టి అద్దాన్ని ఎక్కడ పెట్టినప్పుడు చారలు కట్టినవో చూస్తే, వెలుగు వస్తువులో ఎంత లోతు నుండి తిరిగి వచ్చినదో తెలిసిపోతుంది. జరిపేది అద్దం, తెలిసేది లోతు. ఇప్పటి యంత్రాలు అద్దాన్ని జరపకుండానే, తిరిగి వచ్చిన కాంతిలోని రంగులను విడదీసి అదే లెక్క కట్టుతున్నవి. మిల్లీమీటరులో నూరవ వంతు తేడాను కూడా ఇవి పట్టగలవు.

కంటిలో పుట్టిన ఈ విద్యను కీలులోకి తెచ్చినవారిలో కాన్‌స్టన్స్ చూ అనే శస్త్రవైద్యురాలు పేర్కొనదగినది. పిట్స్‌బర్గు విశ్వవిద్యాలయంలో ఆమె బృందం ఓ.సి.టి. కాంతిని మోసే సన్నని శలాకను కీలుదర్శినితో పాటు మోకాటిలోకి పంపి, మృదులాస్థిని లోపలి నుండి చూచినారు. 2004 మొదలు ఆ ఫలితాలు పత్రికలలో వచ్చినవి. ఆరోగ్యకరమైన మృదులాస్థిలో ఆ చిత్రం చారల చీర అంచు వలె కనిపిస్తుంది. ఒక వెలుగు పట్టీ, ఒక చీకటి పట్టీ, మళ్ళీ వెలుగు. కొలాజెను పోగులు ఒక దిక్కుగా బారులు తీరి ఉన్నందున, వాని గుండా పోయే కాంతి రెండు వేగాలతో చీలుతుంది. దానినే ద్వివక్రీభవనం అంటారు. ఆ పట్టీలు దాని ఫలితమే. పోగుల బారు చెదిరిపోయిన చోట పట్టీలు మాసిపోతవి. పైన నునుపు చెడకపోయినా సరే. కీలుదర్శినిలో బాగున్నదని తోచిన భాగాలలో ఓ.సి.టి. చెడును చూపిన సందర్భాలను ఆ బృందం 2010లో రోగుల మోకాళ్ళలోనే గమనించి ప్రకటించినది. వంకాయ నొక్కి చూచే చేతికి అందనిది, కాంతికి అందినది.

దీనికీ ఒక హద్దు ఉన్నది. మృదులాస్థి వెలుగును చెదరగొడుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటిన తరువాత తిరిగి వచ్చే కాంతి మిగలదు. మందమైన చోట అడుగున ఎముక కనిపించదు. అందుచేత ఇతర కాంతులతోనూ ప్రయత్నిస్తున్నారు. ఫిన్లండులో కుఓపియో నగరపు పరిశోధకులు సమీప పరారుణ కిరణాలను మృదులాస్థిలోకి పంపి, తిరిగి వచ్చినదానిలో ఏ తరంగదైర్ఘ్యాలు ఎంత తగ్గినవో కొలుస్తున్నారు. నీరు కొన్ని కిరణాలను మింగుతుంది, కొలాజెను మరికొన్నింటిని మింగుతుంది. ఆ లెక్కను బట్టి పొర మందాన్నీ, గట్టిదనాన్నీ అంచనా కట్టవచ్చునని వారి ఆశ. ఇది చిత్రం కాదు, రసాయన వార్త. ఆ దేశంలోనే ఔలు విశ్వవిద్యాలయం వారు యూరోపు సహాయంతో మధ్య పరారుణ కిరణాల శలాకను కీలుదర్శినికి జతచేసే పనిని చేపట్టినారు.

ఈ కాంతులలో ఒకదానితో మనకు చుట్టరికం ఉన్నది. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో చంద్రశేఖర వెంకట రామన్, కృష్ణన్‌తో కలిసి చేసిన పరిశోధనలో, చెదిరిన కాంతిలో కొద్ది భాగం రంగు మారి వస్తుందని తేలినది. ఆ మారిన రంగు, చెదరగొట్టిన అణువు ఏదో చెప్పివేస్తుంది. రామన్ బాల్యం, పాఠశాల చదువు విశాఖపట్నంలో సాగినవి. ఆయన తండ్రి అక్కడి కళాశాలలో అధ్యాపకుడు. రామన్ వద్ద పనిచేసిన సూరి భగవంతం గారు తరువాత వాల్తేరుకు వచ్చి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఇదే విషయం మీద పరిశోధన సాగించి, 1940లో దానిని గూర్చి ఆంగ్లంలో ఒక గ్రంథం ప్రకటించినారు. వారెవరూ మోకాటిని తలచి ఉండరు. లండను ఇంపీరియల్ కళాశాలలోని బృందం 2016లో రామన్ కాంతితోనే మృదులాస్థిలోని పొరలను, ఏ పొరలో కొలాజెను ఎట్లు అమరినదో, ప్రోటియోగ్లైకాన్లు ఎక్కడ ఎంత ఉన్నవో పటం వలె గీసి చూపినది. ఇబ్బంది ఒక్కటే. రంగు మారి వచ్చే కాంతి సుమారు కోటిలో ఒక పాలు. కత్తి పట్టుకొని నిలుచున్న వైద్యుని ముందు క్షణాలలో జవాబు రావాలంటే ఇంకా చాలా పని ఉన్నది.

ఇప్పుడు అసలు ప్రశ్న. శస్త్రచికిత్స బల్ల మీద ఈ జవాబు దొరికితే ఏమి చేస్తారు?

కొన్ని చోట్ల దాని విలువ స్పష్టం. స్వీడనులో గోటెన్‌బర్గు వైద్యులు రోగి మోకాటిలో బరువు పడని చోటి నుండి కాస్త మృదులాస్థిని తీసి, దానిలోని కణాలను పరిశోధనశాలలో పెంచి, గాయపడిన గుంటలో తిరిగి నాటినారు. 1994లో 23 మంది రోగుల ఫలితాలను ప్రకటించినారు. ఆ గుంటను ముందు శుభ్రం చేయాలి. దాని మీద ఎముకపొరను మూతవలె కప్పి అంచులకు కుట్టాలి. ఆ అంచు బలంగా ఉన్న మృదులాస్థి కావాలి. కంటికి బాగున్నదని తోచిన అంచు లోపల సడలి ఉంటే, చినిగిన గుడ్డకు మాసిక వేసినట్లే. కుట్టు దగ్గరనే మళ్ళీ తెగుతుంది. ఎక్కువ కోసితే మానలేని మంచి పొరను వృథాగా పారవేసినట్లు. తక్కువ కోసితే కుట్టు నిలవదు. ఒకటి రెండు మిల్లీమీటర్ల దగ్గర తీర్పు చెప్పవలసిన ఈ చోట కాంతి మాట విలువైనది. మోకాటిలో ఒక ప్రక్క మాత్రమే అరిగినప్పుడు సగం కీలు మార్చవచ్చునా, మొత్తం మార్చాలా అనే నిర్ణయం కూడా ఇటువంటిదే. రెండవ ప్రక్క నిజంగా బాగున్నదా అన్నదే అక్కడ ప్రశ్న.

కాని మరొకవైపు కూడా చూడాలి. అమెరికాలోని హూస్టను నగరంలో జరిగిన ఒక పరీక్ష ఫలితం 2002లో వెలువడినది. మోకాళ్ళు అరిగిన 180 మందిని తీసుకున్నారు. కొందరికి కీలుదర్శినితో లోపల చీలికలను గీకి శుభ్రం చేసినారు. కొందరికి కీలును కడిగి ఊరుకున్నారు. కొందరికి చర్మం మీద గాట్లు పెట్టి, కుట్లు వేసి పంపినారు. లోపల ఏమీ చేయలేదు. తమకు జరిగినది ఏదో రోగులకు తెలియదు. రెండేళ్ళు గమనించినారు. మొదటి రెండు తెగలకూ మూడవ తెగకంటె నొప్పి ఏమీ తగ్గలేదు. అంతకుముందు లక్షలాది మోకాళ్ళకు జరిగిన పని అది. చెడును చూడగానే కోయాలనిపించడం శస్త్రవైద్యునికి సహజం. అందుచేతనే నేను కొంచెం భయపడుతున్నాను. ఇప్పటివరకు కనిపించని చెడును చూపే కొత్త కన్ను దొరికితే, కోసే చేతికి కొత్త సాకు కూడా దొరుకుతుంది. ఓ.సి.టి. మాసిన పట్టీ చూపినంత మాత్రాన అక్కడ కత్తి పెట్టడానికి ఈనాడు ఏ ఆధారమూ లేదు. తొలిదశలో సడలిన వలను మళ్ళీ బిగించే మందు ఇంకా రాలేదు.

అట్లయితే ఈ శ్రమ ఎందుకని ఎవరైనా అడుగవచ్చును. మందు లేనందుననే ఈ కన్ను కావాలని నా అభిప్రాయం. తొలిదశలో వాడవలసిన మందును పరీక్షించాలంటే, తొలిదశ ఏదో ముందు తెలియాలి గదా! కొక్కెంతో నొక్కి చూచి, ఒకరు మెత్తన, ఒకరు గట్టి అని వాదులాడుకుంటూ ఉంటే, మందు పనిచేసినదో లేదో ఎవరు తేలుస్తారు? కొలత లేని చోట వైద్యం సాగదు. జ్వరమానిని వచ్చిన తరువాతనే జ్వరాన్ని అంకెలలో కొలవగలిగినారు.

ఈ శలాకలు ఇంకా పరిశోధనశాలలను దాటి మామూలు ఆసుపత్రుల శస్త్రచికిత్స గదులకు చేరలేదు. శలాక ఒక్కసారికి కొన్ని మిల్లీమీటర్ల భాగాన్ని మాత్రమే చూస్తుంది. మోకాటి వంపులన్నీ తిరిగి చూడాలంటే కాలం పడుతుంది. మత్తులో ఉన్న రోగికి ప్రతి నిమిషమూ లెక్కే. శలాకను ప్రతిసారీ క్రిమిరహితం చేయాలి. వచ్చిన చిత్రాన్ని చదవడం నేర్వాలి. కీలును నీటితో ఉబ్బించి పనిచేస్తారు గనుక, శలాకకూ మృదులాస్థికీ నడుమ ఉన్న నీరు కూడా పరారుణ కాంతిని కొంత మింగుతుంది. ఇటువంటి చిల్లర చిక్కులే పెద్ద ఊహలను ఏండ్ల తరబడి ఆపుతుంటవి. వతనబె ఇరవైయొక్క నమూనాలు చేయించవలసి వచ్చినది కూడా ఇటువంటి వానివల్లనే.

మొన్న ఆ శస్త్రవైద్యుని మళ్ళీ కలిసి, మా మేనత్త ప్రశ్నను ఆయన ముందు పెట్టినాను. ఆయన కొంతసేపు ఆలోచించి, ఈ కాంతులన్నీ తెరిచిన మోకాటిలో మాత్రమే చూస్తవని గుర్తు చేసినాడు. మెత్త తెగియో, స్నాయువు తెగియో శస్త్రచికిత్సకు వచ్చిన ముప్పై యేండ్ల ఆటగానికి అవి ఉపకరించవచ్చును. నొప్పి లేని మోకాటికి ఎవరు గాటు పెడతారు? ఇరవై యేండ్ల క్రిందట మా మేనత్త మోకాటిలోకి ఎంత గొప్ప దీపంతోనైనా చూడడానికి ఎవరికీ ఏ కారణమూ లేదు. ఆమె అప్పుడు ప్రదక్షిణలు చేస్తూ ఉండినది.